వెనక్కి దిగొచ్చిన రాకెట్టు

ఆకాశానికి దారి చూపించింది మన దేశమేనని సాంస్కృతిక శాఖ మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. ఆ సంగతి ఇంతవరకూ ప్రపంచానికి తెలియకపోవడం పాత ప్రభుత్వాల చేతకానితనమన్నారు. అందుకని తొలినాటి రాకెట్ ప్రయోగాల ఫొటోలన్నీ సేకరించి, మూడు నెలల్లో ఘనంగా ఒక చిత్రశాల తెరుస్తామన్నారు. చప్పట్లు మోగాయి. మంత్రిగారు ఇచ్చిన మాటను వెనక్కి తీసుకునే రకం కాదు. ఒకసారి ఇచ్చేశాక మళ్ళీ దాని మొహం కూడా చూడరు.

శాఖ డైరెక్టరుగారు ఆ మధ్యాహ్నమే రికార్డు గది తెరిపించారు. మొట్టమొదటి ప్రయోగం నాటి సర్కారు ఫొటోలు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ రాకెట్టు లేదు. ఆ రోజుల్లో సర్కారు ఫొటోగ్రాఫర్లు బాధ్యత తెలిసినవాళ్ళు. రాకెట్టు లేచే క్షణానికి కెమెరాలన్నీ పెద్దల వైపు తిప్పారు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నోరు తెరుచుకుని పైకి చూస్తున్న పెద్దమనుషులే అన్నిట్లోనూ ఉన్నారు. వాళ్ళు చూస్తున్నది రాకెట్టునో కాకినో చెప్పడం కష్టం.

అలా డైరెక్టరుగారి కారు వెతుక్కుంటూ వచ్చి టైమ్‌కీపరు ఇంటి ముందు ఆగింది.

టైమ్‌కీపరు బస్సు డిపోలో ముప్పై ఏళ్ళపాటు ఏ బండి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో రాసి రిటైరైన మనిషి. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత రాకెట్ల ఫొటోలు. మూతపడ్డ స్టూడియోలు, పాత పేపర్ల కొట్లు, పోయిన ఇంజనీర్ల ఇళ్ళ అటకలు గాలించి ఆల్బమ్‌లు నింపాడు. "ఈ ఇంట్లో మనుషులు కాళ్ళు చాపుకోడానికి చోటు లేదు" అని భార్య సణుగుతూనే వాటి దుమ్ము దులిపేది. అంతకు మించి అనడానికి ఆవిడకి నోరు రాదు. ఆ పిచ్చి అంటించింది ఆవిడ కన్నతండ్రే.

మామగారు అప్పట్లో ఒక చిన్న స్టూడియో ఫొటోగ్రాఫరు. తొలి ప్రయోగానికి ఇంజనీర్లు తమ ఖర్చుతో పిలిపించుకున్నారు. పెద్దల్ని తియ్యమని చెప్పేవాళ్ళు లేక ఆయన రాకెట్టుని తీశాడు. మొత్తం నాలుగు ఫొటోలు. మొదటిదాంట్లో రాకెట్టు దిమ్మ మీద నిలబడి ఉంటుంది. రెండోదాంట్లో కింద మంట. మూడోదాంట్లో గాలిలో పక్కకి ఒరుగుతుంది. నాలుగోదాంట్లో తల కిందికి పెట్టి సముద్రంలో పడిపోతుంది. ఆ నాలుగోది తీసేసరికి చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. అందరూ పరుగు లంకించుకున్నారు. ప్రాణాలకి తెగించి తీసిన ఆ ఫొటోని అరవై ఏళ్ళుగా ఎవరూ అచ్చు వెయ్యలేదు.

"నాలుగోది గోడంత చేసి పెడతారా బాబూ?" అని అడిగాడు కూతురింట్లోనే ఉంటున్న మామగారు, చక్రాల కుర్చీలోంచి డైరెక్టరుగారి తెల్ల చొక్కాని ఆనవాలు పట్టి అటు తిరిగి. "చిన్నవి నాకు కనిపించడం మానేశాయి. పెద్దవైతే ఇంకొన్నాళ్ళు కనిపిస్తాయన్నాడు డాక్టరు."

"గోడంతే పెడతాం పెద్దాయనా. కింద మీ పేరు కూడా రాయిస్తాం."

ఇన్నేళ్ళలో ఆ ముసలాయన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. కళ్ళు పూర్తిగా పోకముందే ఈ ముచ్చట తీర్చాలని టైమ్‌కీపరు ఆల్బమ్‌లన్నీ తన చేత్తోనే కారెక్కించాడు.

వారం తిరక్కుండా కమిటీ కూర్చుంది. టైమ్‌కీపరుని గౌరవ సభ్యుడిగా పిలిచి, తలుపు పక్కన కుర్చీ వేశారు. నాలుగో ఫొటో చూడగానే మంత్రిగారు మొహం చిట్లించారు.

"ఇదెటు పోతోందయ్యా?"

"సముద్రంలోకండీ," అన్నాడు టైమ్‌కీపరు. "పడిపోయిందండీ."

"మన చిత్రశాలలో పడిపోవడాలేంటి? తీసెయ్యండి."

డైరెక్టరుగారు చిన్నగా దగ్గారు. "నాలుగు ఫ్రేములకి ఆర్డరు వెళ్ళిపోయింది సార్. మేకులు కూడా కొట్టేశాం."

"అయితే తలకిందులుగా తగిలించండి. పైకి పోతున్నట్టుంటుంది."

"సముద్రం పైకొస్తుందండీ."

"మేఘం అనుకుంటారు."

"మేఘం మీద పడవ ఉందండీ."

పడవ దగ్గర కమిటీ చాలాసేపు ఆగిపోయింది. టీలొచ్చాయి. అప్పుడు డైరెక్టరుగారు లేచి, బల్ల మీది నాలుగు ఫొటోల వరసనీ పేకముక్కలు సర్దినట్టు తిరగేసి పేర్చారు. ఇప్పుడు రాకెట్టు ముందు సముద్రం మీదినించి వస్తోంది. గాలిలో కాస్త ఒరిగి సర్దుకుంటోంది. మంట వదులుతూ దిగుతోంది. చివరికి బుద్ధిగా తన దిమ్మ మీద నిలబడుతోంది.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "అరవై ఏళ్ళ కిందటే మనం రాకెట్టుని వెనక్కి దింపామా?"

"దింపాం సార్. గొప్పలు చెప్పుకోలేదు, అంతే."

"అయ్యా, తోక ముందు పెట్టి వస్తోంది," అన్నాడు టైమ్‌కీపరు.

"మీ డిపోలో బస్సులు రివర్సులో రావా?"

"దిగేసరికి ట్యాంకు నిండుగా ఎలా ఉంటుందండీ?"

"అదీ మనవాళ్ళ పొదుపు," అన్నారు మంత్రిగారు. సభ్యులంతా ఆ మాట రాసుకున్నారు.

టైమ్‌కీపరు తన ఆల్బమ్‌లు తనకి ఇచ్చెయ్యమన్నాడు. డైరెక్టరుగారు ఆప్యాయంగా భుజం మీద చెయ్యేసి వరండాలోకి నడిపించారు. "మాస్టారూ, మీరు పట్టుకుపోతే ఆ నాలుగోది ఏ గోడా ఎక్కదు. మా వరసలో అయితే గుమ్మంలో మొదట కనిపించేది అదే. మీ మామగారి పేరుతో. ఆయన కళ్ళ సంగతి కూడా ఆలోచించండి."

ముప్పై ఏళ్ళు వచ్చిన బండిని వచ్చినట్టు, పోయిన బండిని పోయినట్టు రాసిన మనిషి ఆ రోజు దారంతా తనని తానే తిట్టుకుంటూ ఇంటికి నడిచాడు. "గోడంత పెడుతున్నారు మామయ్యగారూ" అని మాత్రం చెప్పాడు. వరస సంగతి నోటికి రాలేదు.

ప్రారంభానికి ముందే దేశం పొంగిపోయింది. ఆరో తరగతి పుస్తకంలో పాఠం పడింది. తాతల నాడే చేసిన పని ఇప్పుడెందుకు చేతకావడం లేదో సంజాయిషీ ఇవ్వమని అంతరిక్ష శాఖ సైంటిస్టులకి నోటీసులు వెళ్ళాయి. ఆ వార్తలేవీ మామగారి చెవిన పడకుండా టైమ్‌కీపరూ భార్యా ఇంట్లో రేడియో మూసేశారు.

చిత్రశాల పొడుగాటి హాలు. ముందువైపు ఎత్తైన మెట్లు, రిబ్బను, బ్యాండు. మామగారి చక్రాల కుర్చీ ఆ మెట్లెక్కదు. వెనక ర్యాంపు ఉందని, అటు తీసుకెళ్ళమని సెక్యూరిటీ మనిషి చెప్పాడు. టైమ్‌కీపరు కుర్చీని నెమ్మదిగా అటు తిప్పాడు. లోపల ఆ వరస చూసి ముసలాయన గుండె ఏమవుతుందోనని భయం. విషయమంతా తెలిసిన భార్య తండ్రి భుజం మీద చెయ్యేసి పక్కనే నడిచింది.

వెనక గుమ్మం దాటగానే గోడంత రాకెట్టు, దిమ్మ మీద నిలబడి.

"ఇదిగో, మొదటిది!" అన్నాడు మామగారు. కుర్చీ కదిలింది. "ఇదిగో మంట." ఇంకాస్త కదిలింది. "ఒరిగింది చూడమ్మా! ఇక్కడే అందరూ పారిపోయారు."

టైమ్‌కీపరుకి అప్పుడు వెలిగింది. వెనకనించి వచ్చేవాళ్ళకి వరస సరిగ్గానే ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుండెల మీది బరువు దిగిపోయి, కుర్చీని హుషారుగా ముందుకి తోశాడు.

నాలుగో ఫొటో దగ్గర మంత్రిగారు ఎదురయ్యారు. ఆయన చూడటం అక్కడే మొదలు. వీళ్ళ చూడటం అక్కడితో ఆఖరు. విలేకరులు చుట్టూ మూగారు.

"ఈ మహనీయుడే ప్రత్యక్ష సాక్షి!" అంటూ మంత్రిగారు మైకు ముసలాయన నోటి దగ్గర పెట్టారు. "చెప్పండి పెద్దాయనా, జరిగింది ఇదేనా?"

"అచ్చం ఇదే బాబూ," అన్నాడు మామగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళకి ఉన్నదున్నట్టు గోడకి తగిలించే ధైర్యం ఒక్క మీకే వచ్చింది."

హాలు దద్దరిల్లింది. మంత్రిగారు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చారు. ముసలాయన కూడా ఏడ్చాడు. ఇద్దరివీ నిజమైన కన్నీళ్ళే.

మర్నాటినించి మామగారు ఒకటే పాట. "మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తావల్లుడూ? చూపు రోజురోజుకీ మసకేస్తోంది." వీలు చూసుకుని ఆ వారాంతంలోనే టైమ్‌కీపరు కుర్చీ తోసుకుంటూ బయల్దేరాడు. చిత్రశాల వెనక్కి తిరిగేసరికి ఇద్దరు కూలీలు సమ్మెటలతో ర్యాంపు పగలగొడుతున్నారు. గుమ్మానికి సగం దాకా ఇటుకలు లేచాయి. డైరెక్టరుగారు దగ్గరుండి చేయిస్తున్నారు.

"ఆ చప్పుడేంటల్లుడూ?" అన్నాడు మామగారు. "ఇంకో గోడ కడుతున్నారా?"

"అవును మామయ్యగారూ," అని, టైమ్‌కీపరు డైరెక్టరుగారి దగ్గరికి పరిగెత్తాడు. "ఇదేంటి సార్? మా మామగారు లోపలికి ఎలా వెళ్తారు?"

డైరెక్టరుగారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఏం చెయ్యమంటారు మాస్టారూ? మెట్లెక్కలేని వాళ్ళందరూ చరిత్రని తప్పుగా అర్థం చేసుకుంటున్నారు."