గేదెలున్న ఇంటికి గృహప్రవేశం

సింగపూర్‌లో బతికే మనిషి కొండో అనే ఖరీదైన ఫ్లాటు కోసం కలలు కనడం మానేసి, గొడ్లసావిడి ప్రసాదించమని దేవుణ్ణి వేడుకోవాలని నా నిశ్చితాభిప్రాయం!

నవ్వకండి. మా కృష్ణమూర్తి అంకుల్ సెరంగూన్ అవతల వందేళ్లనాటి కర్రల సావిడి కొని ఇల్లు చేయించారు. ఒకప్పుడు అందులో పాలవాళ్ల గేదెలుండేవట. ఇప్పుడు అంకుల్, తారాదేవి ఆంటీ, ఒక కుక్క ఉంటారు. ఇంతకంటే అభ్యుదయం ఏముంటుంది?

బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్ గోడలకు చరిత్రేదీ? అంకుల్ ఇంట్లో కుడితి తొట్టి వాష్‌బేసిన్ అయింది. గేదె ఒళ్లు రుద్దుకున్న గుంజకు స్పాట్‌లైటు వేసి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు. ఇరవయ్యేళ్లుగా నేను వీపు ఆనించిన గోడను చూసి మా ఆవిడ నూనె మరకని తిడుతుంది తప్ప, ఒక్కనాడైనా లైటు వేసిందా?

మొన్న ఆదివారం గృహప్రవేశం. ముందుగా ఆవు అడుగుపెట్టాలి కదా. నిజం ఆవుకు పర్మిషన్ దొరకదని వెండి ఆవును పళ్లెంలో పెట్టి తీసుకెళ్లారు. గొడ్లసావిడిలోకి గొడ్డు రాకూడదు! నాగరికత అంటే అదీ.

పుచ్చిన దూలాలు విప్పి, ఒక్క మేకు కొట్టకుండా మళ్లీ నిలబెట్టిన వడ్రంగి పేరు ఉపేంద్ర. శ్రీకాకుళం నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చాడు. గృహప్రవేశం నాడు వడ్రంగిని పీట మీద కూర్చోబెట్టి కొత్త బట్టలు పెట్టడం మన ఆచారం. ఆ నమ్మకంతోనే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఊళ్లో ఉన్న భార్య ఈరమ్మకు వీడియో కాల్ చేసి, గేటు దగ్గర నిలబడ్డాడు.

"మా ఇంటిదానికి సూపిత్తానన్నానండి. ఒక్కపాలి లోపలికెల్లొచ్చేత్తాను" అన్నాడు.

"గెస్టులున్నారు ఉపేంద్రా. పైగా ఫ్లోర్ పాలిష్ ఇంకా ఆరలేదు. బట్టలు డార్మిటరీకి పంపిస్తాలే" అన్నారు అంకుల్. ఆయన కాళ్ల సందులోంచి కుక్క లోపలికి పరుగెత్తింది. పాలిష్ సంగతి దానికెవరూ చెప్పలేదు.

చేతిలో పులిహోర ప్లేటుతో నేను గేటు దగ్గరికెళ్లి అతన్ని ఓదార్చబోయాను. సావిడి ఎంత విశాలంగా ఉందో చూశావా అన్నాను.

"ఎనిమిది గుంజలండి. గేదెకీ గేదెకీ మద్దిన పడుకోడానికి సోటొగ్గీసినారు. మా రూములో పన్నెండు మందిమి. నాను పక్కకి తిరిగితే కింద మంచమోడు లెగిసిపోతాడు."

చరిత్ర మీద ఇంత ఉపన్యాసం ఇచ్చిన నాకే సిగ్గేసింది. అయినా పులిహోర తినడం మానలేదు.

అంకుల్ మాటలు వినపడలేదేమో, ఇంతలో ఫోన్లో ఈరమ్మ అడిగింది. "ఏటి, పీట మీద ఎప్పుడు కూకోబెడతారు?"

ఉపేంద్ర ఫోను నా చేతికిచ్చాడు.

"సిగ్నల్ సరిగా లేదమ్మా" అన్నాను. ఆమె ముఖం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.