మా మేడలో అందరూ కుట్టు టీచర్లే

మనిషికో పేరు, పేరుకో ఫోన్ నంబరు అన్నది శుద్ధ దండగ ఏర్పాటు. ఒక మేడలో ఎన్ని కుటుంబాలున్నా అందరికీ కలిపి ఒక్క పేరు, ఒక్క నంబరు సరిపోతాయి. ఇదేదో వేదాంతం అనుకునేరు! కాదు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ హోదాలో నేను స్వయంగా అమలు చేసి చూసిన విషయం. ఫలితాలు దివ్యంగా ఉన్నాయి.

దీనికంతటికీ మూలపురుషుడు మా బావమరిది. వాడు కంప్యూటర్ల మనిషి. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, ఇళ్లవాళ్ల వివరాల పట్టికతో నేను కుస్తీ పడుతుంటే చూసి జాలిపడ్డాడు.

"ఇంకా ఈ తంటాలేంటి బావా? ఇప్పుడు కోడ్ రాయడం కూడా అక్కర్లేదు. తెర మీద డబ్బాలు పెట్టి, వాటి మధ్య గీతలు గీస్తే సాఫ్ట్‌వేర్ అయిపోతుంది."

"నాకొస్తుందంటావా?"

"మా ఆఫీసులో మేనేజర్లకే వస్తోంది."

ఆ మాటతో నాకు కొండంత ధైర్యం వచ్చింది. కొన్నాళ్లపాటు తిండీ నిద్రా మాని గీతలు గీశాను. ఫారం తయారైంది. ఇకమీదట ఎవరి నంబరు మారినా, ఇంట్లో మనుషులు పెరిగినా తరిగినా, ఎవరికి వారే తమ ఫోన్లో ఆ ఫారం నింపి బటన్ నొక్కాలి. అది సూటిగా వెళ్లి పట్టికలో చేరాలి.

చేరింది. కాకపోతే, ఉన్న వరసను దిద్దాల్సింది పోయి అడుగున కొత్త వరస ఒకటి రాసుకుంది. మూడో అంతస్తు పళ్ల డాక్టరు తన పేరులో తప్పిన ఒత్తు సరిచేద్దామని మూడుసార్లు బటన్ నొక్కాడు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో నలుగురు పళ్ల డాక్టర్లు కాపురం ఉంటున్నట్టు తేలింది. నలుగురికీ విడివిడిగా మెయింటెనెన్స్ బిల్లులు వెళ్లాయి.

"సెక్రటరీగారూ, మిగతా ముగ్గుర్నీ ఎక్కడ పడుకోబెట్టమంటారు?" అని ఆయన ఎంతో మర్యాదగా అడిగాడు. తిట్టేవాళ్లతో చిక్కు లేదు. మర్యాదగా అడిగేవాళ్లతోనే.

దాంతో 'కొత్త వరస చేర్చు' అన్న డబ్బా పీకేసి, 'ఉన్న వరసను మార్చు' అన్న డబ్బా పెట్టాను. దాని కింద ఇంకో చిన్న గడి ఉంది. 'ఏ వరసను?' అని అడుగుతోంది. చుట్టాల వరసలే నాకు సరిగా తెలియవు. మా ఆవిడ పక్కనుండి అందించకపోతే మేనత్తను పిన్నీ అని పిలిచే బాపతు. అలాంటివాడికి ఈ వరసలు ఏం తెలుస్తాయి? అయినా ఫారం నింపినవాడి వరసే కదా మార్చాల్సింది, ఆమాత్రం దానికి తెలియదా అనుకుని ఆ గడిని ఖాళీగా వదిలేశాను.

పాఠకులారా, యంత్రానికి ఇంగితం ఉండదు. అది 'ఏ వరస?' అని అడిగినప్పుడు మనం నోరు మెదపకపోతే, 'అన్నీ' అన్నామనుకుంటుంది.

అలా మార్చిన ఫారాన్ని మొట్టమొదట నింపింది రెండో అంతస్తు కుట్టు టీచరు. ఆవిడ ఇంట్లోనే మిషన్లు పెట్టుకుని కుట్టుపని నేర్పుతుంది. ఆవిడకూ నాకూ మాటల్లేవు. సాయంత్రం ఏడు దాటాక ఈ మేడలో ఎవరూ చప్పుడు చేయరాదని నేనొక నోటీసు అంటించాను. అందులో ఎవరి పేరూ రాయలేదు. కాకపోతే గుమ్మడికాయల దొంగ ఎవరా అని భుజాలు తడుముకునే శ్రమ ఇంకెవరికీ లేకుండా, తిన్నగా ఆవిడ తలుపుకే అంటించాను.

ఆవిడ కొత్త నంబరు తీసుకుంది. ఫారం నింపింది. బటన్ నొక్కింది. ఆ ఒక్క నొక్కుతో మేడంతా ఏకమైపోయింది! అందరి పేరూ కుట్టు టీచరే, అందరి నంబరూ ఆవిడదే. పళ్ల డాక్టరు, కుట్టు టీచరు. బస్సు డ్రైవరు, కుట్టు టీచరు. నేనూ మా ఆవిడా కూడా కుట్టు టీచర్లమే.

బావమరిదికి ఫోన్ చేశాను.

"పాత పట్టిక కాపీ ఎక్కడైనా దాచావా బావా?"

"దాచమని నువ్వు చెప్పలేదుగా."

"అక్కకివ్వు ఫోను," అన్నాడు.

ఇక శుభాలు చూడండి. మా గేటు దగ్గర కాపలా మనిషి, ఏ ఇంటికి ఎవరొచ్చినా పట్టిక చూసి ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేస్తాడు. ఇప్పుడు కొరియర్లు, ప్లంబర్లు, చుట్టపక్కాలు, అన్ని ఫోన్లూ ఆవిడకే. మొదటిరోజు విసుక్కుంది. మర్నాడు అరిచింది. ఆ తర్వాత ఆజ్ఞలు జారీ చేయడం మొదలుపెట్టింది. బస్సు డ్రైవరు కొన్న పరుపు తన గుమ్మంలో దింపించుకుని, దాని మీద కూర్చునే అతని ఇంటికి ప్లంబర్ను పంపింది.

నాలుగో అంతస్తులో ఎదురెదురు ఇళ్లలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఏళ్ల తరబడి ఉప్పూ నిప్పూ. ఇద్దరి సామాన్లూ ఆవిడ ఇంట్లోనే దిగాయి. ఇద్దరూ ఒకేసారి వచ్చారు. "ఈ పెట్టె బరువు, ఒక్కరివల్ల కాదు. చెరో పక్కా పట్టండి," అంది. ఆవిడ గొంతు అలాంటిది, పట్టారు. రెండంతస్తులు మెట్లెక్కేలోపు "జాగ్రత్తరా, వేలు నలుగుద్ది," అని ఒకరంటే, "నువ్వు ముందు చూసి నడువన్నయ్యా," అని ఇంకొకరు అన్నారట.

మేడలో ఇంత సేవ జరుగుతుంటే సెక్రటరీ ఏం చేస్తున్నాడంటారా? లిఫ్ట్‌లో ఇరుక్కున్నాడు.

రెండో అంతస్తు దాటుతూనే అది ఆగిపోయింది. దీపం ఆరిపోయింది. ఇరుకు చోట్ల నాకు ఊపిరాడదు. సెక్రటరీ పదవికి తగని జబ్బని ఎవరికీ చెప్పలేదు. ఎర్ర బటన్ నొక్కి కాపలా మనిషికి నా ఇంటి నంబరు చెప్పాను. ఆ కంగారులో పట్టిక సంగతే మరిచిపోయి, అతను మా ఇంటికే ఫోన్ చేస్తాడని, మా ఆవిడ వస్తుందని ఆశపడ్డాను. కాసేపటికి బయట చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఎవరు లోపల?"

ఆ గొంతు విన్నాక, లోపల ఉండటమే గౌరవం అనిపించింది.

"నేనే. సెక్రటరీని."

"ఓహో. మెకానిక్‌కి ఫోన్ చేశాను. సుత్తితో కొట్టాల్సి రావచ్చంట. టైము ఏడు దాటింది మరి. కొట్టించమంటారా, మీ నోటీసు ప్రకారం పొద్దున్నదాకా ఆగమంటారా?"

"కొట్టించండమ్మా," అన్నాను. గంభీరంగా అందామనుకున్నాను గానీ సగంలోనే గొంతు వణికింది.

అది ఆవిడ పసిగట్టింది. "ఊపిరాడట్లేదా?"

"కొంచెం."

"కింద కూర్చోండి. కళ్లు మూసుకోండి. నేనెక్కడికీ పోను."

స్టూలు లాక్కున్న చప్పుడైంది. చొక్కా కొలతలు తీయడం దగ్గర్నుంచి కాజాలు కుట్టడం దాకా చెప్పుకుంటూ పోయింది. మధ్యమధ్యలో ప్రశ్నలు. తప్పు చెబితే మళ్లీ మొదటికి. తలుపు తెరుచుకునేసరికి నా గుండెదడ ఆగిపోయింది, కాలరు తిప్పడం వచ్చేసింది. మెకానిక్ ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే పట్టికలో ఉన్నదే నిజమైపోయేది.

మర్నాడు నా చేతులతో నేనే ఆ నోటీసు చింపాను.

తర్వాత బావమరిది వచ్చి, 'ఏ వరసను?' అన్న గడిలో 'ఫారంలోని ఇంటి నంబరు ఉన్న వరసను' అని పెట్టాడు. అంతే, అరనిమిషం పని. పట్టిక మళ్లీ నింపడానికి మాత్రం నేను గడప గడపా తిరిగాను. ఇప్పుడు ఎవరి వరస వారిదే. ఫారం భేషుగ్గా పనిచేస్తోంది. అయినా కుళాయి పగిలినా, తాళంచెవి పోయినా, పసిపిల్లకు జ్వరమొచ్చినా జనం కుట్టు టీచరు తలుపే తడుతున్నారు. ఫోన్ కూడా చేయరు, నేరుగా వెళ్లిపోతారు.

అన్నీ బాగానే ఉన్నాయిగా, మరి నీ ఏడుపేంటని మీరు అడగొచ్చు. అడగండి, చెబుతాను. ఆ ఫారం మేడకు సేవ చేద్దామని తయారుచేసింది కాదు. నంబరు మారిందని ఒకరు, నీళ్లు రావట్లేదని ఒకరు, తినేటప్పుడూ పడుకునేటప్పుడూ వచ్చి మా ఇంటి బెల్లు కొట్టడం మానేస్తారని చేశాను.

మానేశారు. నేను గీసిన గీతలన్నిట్లో తప్పు లేకుండా పనిచేసింది అదొక్కటే.

నిన్న సాయంత్రం బెల్లు మోగింది. చేతిలో పేపరు పడేసి పరిగెత్తాను.

"మనది కాదండీ, పక్కింటివాళ్లది," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

అయినా తలుపు తీసి చూశాను.