దొరస్వామి యూరియా మూట విప్పని వైనం

గట్ల మీద చతికిలబడ్డ జనులారా, చెవులొగ్గుడు! నగరికొండల శిఖరాగ్రాలపై భానుబింబం పొడసూపగా, బోరు మోటార్లు రణభేరులై మొరయగా, పుత్తూరు సీమలో వరి పొట్టకొచ్చే కార్తీక ప్రాతఃకాలాన, తలగుడ్డయే కిరీటంగా, ముప్పావు ఎకరా మహీమండలాధీశ్వరుడు, పైరుదోమ దర్పభంజనుడు, దొరస్వామి నామధేయుడు ప్రతిజ్ఞాబద్ధుడై మడిగట్టున నిలిచెను.

ప్రతిజ్ఞ ఏమంటారా? వేపపిండి కలిపి చల్లిన అరమూట యూరియా చాలు, మిగిలిన అరమూట మూతి విప్పరాదు! పోయినేడు మూటలు కుమ్మరించగా పైరు పచ్చదనం ముదిరి కాటుకలా నల్లబడి, దోమకు విందై, ఒక్క వానకు బోర్లాపడింది. బురదలో వెన్నులేరుకున్న పరాభవాన్ని వీరుడెట్లు మరచును? రంగు చూసి పంటను కొలిచే లోకమా, నీ కండ్లు మండ!

పక్కమడి ప్రభువు చిన్నబ్బ గర్జించెను: "ఏమప్పా దొరసామీ, నీ పైరుకి కామెర్లా, ఎముకలిరిగినాయా? పుత్తూరు తీసకపోయి కట్టు కట్టిచ్చు!"

అంతలో ధర్మపత్ని సిద్ధమ్మ సంగటి దుత్తతో అరుదెంచి పలికెను: "ఊరంతా నవ్వతా ఉండారు. ఒక్క గంప సల్లితే నీ మీసం రాలిపోతాదా?"

"సరే, సల్లతా. నువ్వు ఇంటికి పో."

ఆమె మరలగానే ఘోరసంగ్రామం! శత్రువెవరు? సాక్షాత్తు వీరుని కుడిచెయ్యి! ఏటేటా చల్లి మరిగిన ఆ హస్తభుజంగం మూటవైపు పాకగా, ఎడమచెయ్యి మణికట్టు పట్టి నిలువరించెను.

"ఓరీ కుడిచెయ్యీ! నా సంగటి తిని నాకే ద్రోహమా? దురదైతే ఇంద, ఇది సల్లుకో!"

అని వంకలోని తెల్లటి ఇసుక గంపకెత్తి, ప్రళయమారుతంలా మడంతా వెదజల్లెను. దురద తీరెను.

ఆ తెల్లని చల్లుడు యూరియానే అనుకున్న చిన్నబ్బ నాలుగునాళ్లకు మడిగట్టెక్కినాడు. "సూడు, ఒక్క గంపకే ఎట్ల పచ్చబడిందో! నా మాటే కదా!"

"నీ మాటెవురికి కావాల? నేను చెప్తేనే సల్లినాడు!" అని సంగటి తెచ్చిన సిద్ధమ్మ కస్సుమంది. వీరుడు మీసం దువ్వెను.

వెన్నులు వంగే వేళ కుండపోత కురిసింది. చిన్నబ్బ పైరు సాష్టాంగపడింది. దొరస్వామి పైరు నిట్టనిలువున నిలిచింది. చిన్నబ్బ తడిగుడ్డలతోనే వచ్చి గొంతు తగ్గించినాడు. "నిజం చెప్పబ్బా. ఆ గంపలో ఏముండె?"

"ఇసకప్పా."

"ఒట్టి ఇసకా?"

"ఒట్టి ఇసకే."

మర్నాడు తెల్లారేసరికి చిన్నబ్బ బండి కట్టుకొని వంకలో ఇసుక తోలుతున్నాడు.

విప్పని అరమూట యూరియానే సింహాసనంగా అధిష్ఠించి, విశ్వాసం నేర్చిన కుడిచేత్తో దొరస్వామి చక్రవర్తి సంగటి ముద్ద మింగెను. దిక్కులు పిక్కటిల్ల చాటుడు: మూట మూతి తాడు ముడి, కట్టింది కట్టినట్టే ఉంది!