పందొమ్మిది నైసులు

పందొమ్మిదేళ్లుగా తన ఆఫీసరు తనను మూర్ఖుడని ఏటేటా లిఖితపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాడని వీధి దీపాల శాఖ సీనియర్ గుమాస్తా సోమవారం ఉదయం పదకొండుంపావుకు కనిపెట్టాడు.

కనిపెట్టగానే ఏ బాధ్యతగల ఉద్యోగి అయినా చేసే పనే ఆయనా చేశాడు. చుట్టూ చూసి, ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకుని, ఆ పేజీ మీద మోచెయ్యి పెట్టుకున్నాడు.

ఆఫీసులో ఆయన్ని అందరూ రూళ్లకర్ర అంటారు. గీత గీస్తే వంకర పోదు. కాగితం పెడితే బల్ల అంచుకి సమానంగా ఉంటుంది. పందొమ్మిదేళ్లలో ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు, ఒక్కనాడూ ముందుగా వెళ్లలేదు. అంతటి మనిషికి ఇంత కష్టం రావడానికి కారణం ఒక కుర్చీ.

అది సూపరింటెండెంటు కుర్చీ. ఆ గదిలో చేతులున్న కుర్చీ అదొక్కటే. దానిలో కూర్చునే పెద్దమనిషి పదకొండేళ్ల కిందట రిటైరయ్యాడు. అప్పట్నించి అది ఖాళీ. రోజూ ఉదయం రూళ్లకర్ర దాని దుమ్ము దులిపి, చేతులు రెండూ తుడిచి, వెనక్కి వచ్చి చేతుల్లేని తన కుర్చీలో కూర్చుంటాడు. ఏటా ఆ పదవికి దరఖాస్తు పెడతాడు. ఆఫీసరు, అంటే పెద్దసారు, దాని మీద ఒక మాట రాసి, సంతకం పెట్టి, తిరిగి పంపిస్తాడు. రూళ్లకర్ర దాన్ని మడత పడకుండా దాచుకుని, మళ్లీ ఏడాదికి తెల్లకాగితం సిద్ధం చేసుకుంటాడు.

ఈసారి సంగతి వేరు. శుక్రవారం నాడు ఆ కుర్చీని ఖాయంగా నింపేస్తామని నోటీసు అంటించారు. పన్నెండో దరఖాస్తులో ఒక బరువైన ఇంగ్లీషు మాట వేద్దామని రూళ్లకర్ర ఆఫీసు నిఘంటువు తెరిచాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా ఆ నిఘంటువును బల్లకాలికి తాడుతో కట్టి ఉంచారు. ఎవరూ ఎత్తుకుపోలేదు కాబట్టి తాడు పనిచేస్తున్నట్టే లెక్క. అది మాటల అర్థాలను పుట్టిన వరసలో చెబుతుంది. వెతుకుతున్న మాట దొరకలేదు గాని 'నైస్' కంటబడింది.

'నైస్: ఏమీ తెలియని, తెలివితక్కువ, మూర్ఖపు. తరువాత, సోమరి. తరువాత...' తరువాత ఏమిటో చెదపురుగులకే తెలియాలి. పేజీలో కింది సగం అవి తినేశాయి.

పాఠకులు తొందరపడి, బయట వేరే నిఘంటువులు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. కాని శాఖ నియమావళి ప్రకారం స్టాకు రిజిస్టరులో ఎక్కినదే నిఘంటువు. మిగతావన్నీ వట్టి పుస్తకాలు. కనుక నైస్ అనే మాటకు వీధి దీపాల శాఖ గోడల మధ్య చెల్లుబాటయ్యే అర్థాలు రెండే. ఒకటి మూర్ఖుడు, రెండు సోమరి.

రూళ్లకర్ర లేచి రికార్డు గదికి పరుగులాంటి నడక నడిచాడు. ఉద్యోగుల పనితీరు మీద పెద్దసారు ఏటా రాసే రహస్య నివేదికలన్నీ అక్కడే ఉంటాయి. ఏటా మార్చిలో ఆ గది మేడమ్ ఆయనకి ఎదురొచ్చి, "అన్నయ్యగారూ, ఈ ఏడాదీ నైసే!" అని చెబుతుంది. ఆ రోజు ఆయన ఇంటికి పూలు తీసుకెళ్తాడు. పందొమ్మిదిసార్లు తీసుకెళ్లాడు.

"అమ్మా, నా నివేదికలు ఒకసారి చూడాలి," అన్నాడు.

"అయ్యో, అవి రహస్యం కదా అన్నయ్యగారూ! మీ నివేదిక మీకు చూపించకూడదు. మీరు అటు తిరగండి, నేను చదువుతా."

రూళ్లకర్ర గోడవైపు తిరిగాడు. మేడమ్ చదివింది. నైస్, సంతకం. నైస్, సంతకం. పందొమ్మిదిసార్లు చదివేసరికి ఆమెకి దాహం వేసింది.

"మిగతావాళ్లకి ఏం రాశారు?"

"వాళ్లవి మీరు చూడొచ్చు. మీవి కాదుగా," అని కట్టలు విప్పింది.

నలభై ముగ్గురు ఉద్యోగులు, అందరూ నైసే. వీళ్లు కాక, స్తంభాలెక్కే లైన్‌మన్ ఒకాయన ఆరేళ్ల కిందట కాలం చేశాడు. కాలం చేశాక కూడా రెండేళ్లపాటు నైస్. 'నిచ్చెనకి మూడు మెట్లు విరిగాయి, కొత్తది ఇప్పించండి' అన్న అర్జీ మీద కూడా నైస్. 'మా వీధిలో దీపం వెలగక మా మావయ్య కాలవలో పడ్డాడు' అని పౌరుడొకడు పెట్టుకున్న ఫిర్యాదు మీద మరింత గుండ్రంగా, నైస్.

"నిచ్చెన్ని కూడా మూర్ఖురాలన్నాడా!" అన్నాడు రూళ్లకర్ర, నోరు తెరిచి.

"పాపం, నిచ్చెన మీద ఆయనకేం కోపం?" అంది మేడమ్.

ఈ ప్రశ్న దగ్గర ఏ నేరపరిశోధకుడైనా ఒక్క క్షణం ఆగేవాడు. రూళ్లకర్ర ఆగలేదు. లంచ్ టైమైంది.

మేడమ్ ఈ సంగతి ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ ఒక్కరికే చెప్పారు. ఇంత క్రమశిక్షణతో నడిచినందువల్ల మధ్యాహ్నం మూడింటికల్లా నలభై ముగ్గురు మూర్ఖులూ ఏకమై మెట్ల మీద బైఠాయించారు. తమకు వెనకటి తేదీ నుంచి తెలివి మంజూరు చెయ్యాలనీ, దాని బకాయిలు ఒకే విడతలో ఇవ్వాలనీ యూనియన్ నాయకుడు డిమాండ్ చేశాడు. శాఖ కూడా చురుకుగా స్పందించింది. తుది నిర్ణయం వెలువడేదాకా ఆవరణలో ఆ మాట పలకరాదని సర్క్యులర్ వచ్చింది. పాపం, పనిమీద వచ్చిన ముసలాయన ఒకడు మెట్లెక్కుతూ, "ఆఫీసు నైసుగా ఉందర్రా," అన్నాడు. ఆయన దగ్గర రెండు కాపీల్లో సంజాయిషీ రాయించుకుని గాని వదల్లేదు.

బుధవారం నాడు 'నైస్ పరిశీలనా సంఘం' ఏర్పడింది. సభ్యులు ముగ్గురు. ముగ్గురూ నైసులే కాబట్టి పక్షపాతానికి తావులేదు. నిపుణుడిగా ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారిని పిలిపించారు. ఆయన శాలువా సర్దుకుని, గొంతు సవరించుకుని, నలభై నిమిషాలు ఉపన్యసించాడు.

"సోదరులారా! ఈ మాట లాటిన్ ఇంట పుట్టింది. పుట్టినప్పుడు దాని అర్థం, తెలియనివాడు. ఫ్రాన్సు వెళ్లింది, వెర్రిబాగులవాడైంది. ఇంగ్లండులో దిగింది, మూర్ఖుడైంది. కొన్నాళ్లు సోమరిగా పడుకుంది. లేచి, ప్రతిదానికీ పేచీ పెట్టే చాదస్తుడైంది. చాదస్తం ముదిరి సున్నితమైంది, సున్నితం ముదిరి కచ్చితమైంది. చిట్టచివరికి మంచిది, ఇంపైనది అయి కూర్చుంది! నాలుగైదు వందల ఏళ్లు పదిమంది నోళ్లలో నానితే మూర్ఖుడు మర్యాదస్తుడయ్యాడు. ఇది మాటల చరిత్ర మాత్రమే కాదు, మనుషుల చరిత్ర కూడా!"

చప్పట్లు మోగాయి. యూనియన్ నాయకుడు చెయ్యెత్తాడు. "అంతా బాగానే ఉంది గాని మాస్టారూ, మా శాఖ ఇప్పుడు ఎన్నో శతాబ్దంలో ఉంది?"

మాస్టారు కిటికీలోంచి వీధి దీపాల కేసి ఒకసారి చూసి, కూర్చున్నాడు.

సంఘం రాత్రింబవళ్లు కాకపోయినా పగళ్లు మాత్రం శ్రమించి, గురువారానికి నూట పన్నెండు పేజీల నివేదిక తయారుచేసింది. చరిత్రకు అన్యాయం జరగకుండా, ఉద్యోగికి నొప్పి కలగకుండా, ఒక సూత్రం కనిపెట్టింది. మాట ఎలా ఎదిగిందో ఉద్యోగి కూడా అలాగే ఎదిగినట్టు భావించాలి. ఆ ప్రకారం రూళ్లకర్ర సర్వీసులో మొదటి ఆరేళ్లు మూర్ఖుడు. తర్వాత ఐదేళ్లు సోమరి, నాలుగేళ్లు చాదస్తుడు, మూడేళ్లు సున్నితుడు. కిందటి సంవత్సరం ఒక్కటీ మంచివాడు. ఎక్కువకాలం నిలిచిన అర్థమే మనిషి అర్థం గనుక, ఆయన మూర్ఖుడు. నిరుడు చేరిన టైపిస్టు సర్వీసు మొత్తం ఏడాదే. అదంతా మంచితనమే. కాబట్టి చేతుల కుర్చీ టైపిస్టుకు ఇవ్వడమైనది. పెద్దసారు ఆమోదముద్ర ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం రూళ్లకర్ర ఉత్తచేతులతో ఇంటికి వచ్చాడు. వంటింట్లో మిక్సీ గింగురుమంటోంది.

"ఏంటండీ, ముఖం అలా వేలాడేశారు? ఉండండి, ఈ పొడి ఇంకా నైసు కాలేదు," అంది భార్య.

"ఆ మాట అనకు!" అని ఉలిక్కిపడి, తలుపు దగ్గరికి వేసి, జరిగిందంతా చెప్పాడు.

ఆమె మిక్సీ ఆపింది. "అయితే నాకొకటి చెప్పండి. నన్ను మొదటిసారి చూసినప్పుడు మీ అమ్మతో ఏమన్నారు? నైస్ అన్నారు. పక్కగదిలోంచి విన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఇరవై ఆరేళ్లు మీతో కాపురం చేశాను. అది ఎన్నో శతాబ్దం నైసండీ?"

"ఇటీవలిదేనే," అన్నాడు హడావిడిగా. "చాలా ఇటీవలిది."

"మరి ఆయనదీ ఇటీవలిదేమో! రాసినవాడు నిక్షేపంలా ఉండగా ఆ రాతకి పోస్టుమార్టమేంటి, చోద్యం! పోయి ఆయన్నే అడగండి."

"పెద్దసారునా? ఎలా అడుగుతాం?"

"నోటితో," అంది ఆమె. "కాస్త నైసు చేసి అడగండి, అదే చెప్తాడు." మళ్లీ మిక్సీ వేసింది.

పొడిని నైసుగా చెయ్యడం, మనిషిని నైసు చెయ్యడం. లాటినూ ఫ్రాన్సూ కలలో కూడా ఊహించని ఈ అర్థాలు రెండూ మన వంటిళ్లలో పుట్టాయి. కాని అవి స్టాకు రిజిస్టరులో లేవు.

శుక్రవారం పదిన్నరకి సమావేశం మొదలైంది. బల్లకి అటు పెద్దసారు, ఇటు సంఘం సభ్యులు. మూలన రూళ్లకర్ర, పక్కన కట్టలు మోసుకొచ్చి, నిచ్చెన అర్జీ దగ్గర్నించి పోయిన లైన్‌మన్ దాకా అన్నీ చదివి వినిపించిన మేడమ్. టైపిస్టు అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగదిలో చేతుల కుర్చీ మెరుస్తోంది. ఆ ఉదయం కూడా దాన్ని తుడిచింది రూళ్లకర్రే.

ఆయన లేచాడు. భార్య చెప్పినట్టు నైసు చెయ్యాలని ఎంతో అనుకున్నాడు గాని, నైసు చేసే విద్య ఉంటే పదకొండేళ్ల కిందటే వాడేవాడు. నేరుగా అడిగేశాడు.

"సార్, నా నివేదికలో పందొమ్మిదిసార్లు నైస్ అని రాశారు. నేను మూర్ఖుణ్ణా, సోమరినా, మంచివాణ్ణా? రాసింది మీరే కాబట్టి మీరే చెప్పండి."

ఆ ఆఫీసులో రాతకి అర్థమేమిటని రాసినవాణ్ణి అడగడం అదే మొదటిసారి. పెద్దసారు కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకోలేదు. ముఖంలో భయం లేదు. పందొమ్మిదేళ్ల బరువు ఇవాళ దిగుతోందన్న హాయి మాత్రం కనిపించింది.

"చెప్తానయ్యా, అంతా చెప్పేస్తాను. నువ్వెలాంటివాడివో నాకు తెలీదు. నేను ఏదీ చదవలేదు. నీ నివేదికా చదవలేదు, నిచ్చెన అర్జీ చదవలేదు, లైన్‌మన్ పోయాడని ఇప్పుడే వింటున్నా, పాపం. ఈ కుర్చీలోకి వచ్చిన కొత్తలో చదివేవాణ్ణి. ఒకడికి గుడ్ అని రాశాను. వెరీ ఎందుకు పెట్టలేదని వాడొచ్చాడు. ఒకడికి బ్యాడ్ అని రాశాను. పెళ్లాన్నీ, అత్తగారినీ వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. ఇంకొకడికి 'మాట్లాడదాం' అని రాశాను. వాడొచ్చి నిజంగానే మాట్లాడాడు, రెండు గంటలు! ఒకరోజు విసుగొచ్చి నైస్ అని రాశా. ఎవడూ రాలేదు. ఎందుకని అడగలేదు. నవ్వుకుంటూ వెళ్లిపోయారు. వీధిలో దీపం లేదని అర్జీ పెట్టినవాడు కూడా, 'సారు మా కాగితం చూసి మెచ్చుకున్నారు' అని చీకట్లో తడుముకుంటూ ఇంటికెళ్లాడు. నన్ను మూడుసార్లు బదిలీ చేశారయ్యా. ఆ ఆర్డర్ల మీద కూడా నైస్ అని రాసి పంపించా. పై ఆఫీసువాళ్లు ఫైలు చేసుకున్నారు, అంతే. మాస్టారుగారు చెప్పారే, పుట్టినప్పటి అర్థం, తెలియనివాడని? అదే సరైంది. కాకపోతే అది నీ గురించి కాదు, నా గురించి. ఇక కుర్చీ సంగతి. నీ దరఖాస్తు నా దగ్గరికి పదకొండుసార్లు వచ్చింది కదా? పదకొండుసార్లూ నైస్ అని రాసి, సంతకం పెట్టి, నీ చేతికే ఇచ్చాను. ఆ కాగితం పట్టుకుని పోయి కూర్చోకుండా దుమ్ము దులుపుతూ నిలబడితే తప్పెవరిదయ్యా? కూర్చుంటే లెమ్మనేవాడెవడు? నేనా? నాకు తెలిస్తేగా! అసలు నేనీ కుర్చీలోకి ఎలా వచ్చాననుకున్నావ్? నేనూ నీలాగే దరఖాస్తు పెట్టా. మా పెద్దసారు దాని మీద నైస్ అని రాశాడు. నేను వచ్చి కూర్చున్నా. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆఁ, ఇంకోటి మర్చిపోయా. మీ సంఘం వారి నూట పన్నెండు పేజీలూ పొద్దున్నే అందాయి. వాటి మీద కూడా రాసేశాను."