పన్నెండు అంగల అభిప్రాయం

మీ ఊరి మీదుగా పెద్ద కరెంటు లైను వెళ్లబోతోందా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరు. ఓటు వేసిన మర్నాటి నుంచీ మిమ్మల్ని పలకరించని ప్రభుత్వం ఇప్పుడు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, "మీ అభిప్రాయం ఏమిటి?" అని అడుగుతుంది. మన తాతముత్తాతల్లో ఎవరికి దక్కింది ఈ వైభోగం?

ప్రజాభిప్రాయ సేకరణ అంటే గిట్టనివాళ్లు కొందరున్నారు. అంతా ముందే నిర్ణయించుకుని తర్వాత అడుగుతారని వాళ్ల ఫిర్యాదు. అయితే ఏమిటట? నేను ముప్పై నాలుగేళ్లు బళ్లో పిల్లల్ని ప్రశ్నలు అడిగాను. జవాబు తెలియక ఒక్కటైనా అడిగానా? జవాబు చేతిలో పెట్టుకుని అడగడమే పద్ధతి. మా ఇంట్లోనూ అంతే. రోజూ పొద్దున మా ఆవిడ సుభాషిణి "ఈ పూట ఏం కూర చెయ్యమంటారు?" అని అడుగుతుంది. అప్పటికే వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వేసి ఉంటాయి. నేను "వంకాయ" అంటాను. నలభై ఏళ్ల కాపురంలో కూర దగ్గర మాకు తేడా రాలేదు.

కాబట్టి మా తిప్పలపాళెంలో లైను గురించి సభ పెడుతున్నామని, దానికి నన్ను అధ్యక్షుడిగా ఉండమని సర్పంచి పద్మనాభయ్య గారు స్వయంగా వచ్చి అడిగితే పొంగిపోయాను. రిటైరైన మేష్టారిని అధ్యక్షా అని పిలిచేవాళ్లు ఇంకెక్కడ దొరుకుతారు?

మాది చిల్లకూరు అవతల, సముద్రం వైపు చివరి ఊళ్లలో ఒకటి. సగంమంది వేటకు పోతారు, సగంమంది వరి, వేరుశనగ పండిస్తారు. తీరాన తయారయ్యే కరెంటును ఎక్కడో దూరపు నగరాలకు మోసుకుపోయే లైను మా పొలాల మీదుగా వెళ్లాలి. అంటే మా నెత్తి మీదుగా అభివృద్ధి వెళుతుంది. తల ఎత్తి చూసుకోవచ్చు. ఖర్చు కూడా లేదు.

సభ నోటీసును సచివాలయం గోడకు అంటించారు. తెలుగులోనే వేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. "ప్రతిపాదిత అధిక వోల్టేజి విద్యుత్ ప్రసరణ మార్గమునకు సంబంధించి" అని మొదలైన వాక్యంలో పదకొండు వరుసల తర్వాత క్రియ వస్తుంది. తెలుగులో ఎం.ఏ. చేసిన నేనే మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాను.

ఆ సాయంత్రం ఎలిశబెతు మా ఇంటికి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. మూడో తరగతిలో నా దగ్గర చదివింది. భర్త మాథ్యూ కావలిలో తాపీపని చేస్తాడు, నెలకోసారి వస్తాడు. ఊళ్లో ఉన్న ఎకరంన్నర వరి కయ్య ఆమే చేసుకుంటుంది. దుక్కి నుంచి కోత దాకా మొత్తం ఆమెదే. నోటీసులో ఏముందని అడిగింది. లైను వేయాలా వద్దా, ఎక్కడ వేయాలి అని మనల్ని అడుగుతారట, అందరూ రావాలట అని చెప్పాను.

"నా కయ్య నడిమిన ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతి పద్దినాలైంది అయ్యోరా. అడిగేది ఉంటే పాతకముందు గదా అడగాల?" అంది.

"కర్రే కదమ్మా, టవరు కాదు గదా" అన్నాను. చూశారా, అధ్యక్షుడికి కావలసిన అర్హతలు నాకు ఎంత ముందుగానే వచ్చేశాయో!

జనవరిలో ఒక మంగళవారం పదకొండు గంటలకు సభ. ఆ వేళకు పడవలు నీళ్ల మీద ఉంటాయి, ఆడవాళ్లు కలుపులో ఉంటారు. అభిప్రాయాలు ఎక్కువైపోయి తొక్కిసలాట జరగకుండా ఎంత ముందుచూపు! అప్పటికీ అరవైమందికి పైగా వచ్చారు. మా ఊళ్లో ఆ సమయానికి కరెంటు ఉండదని తెలిసి కంపెనీ వాళ్లు జనరేటరు కూడా తెచ్చుకున్నారు.

షామియానా వాకిట్లో బల్ల మీద ఒక కాగితాల కట్ట పెట్టారు. పై సగం ఖాళీ, కింది సగంలో వరుసగా గీతలు. సంతకం పెట్టిన వాళ్లకు మజ్జిగ ప్యాకెట్టు, బిస్కెట్లు. మొదటి సంతకం అధ్యక్షుడిది కావాలన్నారు. గొలుసుకట్టు రాతలో, చివరి అక్షరం దగ్గర కాస్త సాగదీసి పెట్టాను. నా వెనకే ఎలిశబెతు ఉంది. పెన్ను తీసుకుని ఆగింది. పైన ఖాళీ ఎందుకు ఉంచారని అడిగింది. హాజరు పట్టీ తల్లీ, తేదీ అదీ తర్వాత రాసుకుంటారు, పెట్టు అన్నాను. పెట్టింది. మజ్జిగ మాత్రం తీసుకోలేదు.

వచ్చిన అధికారి మర్యాదస్థుడు. పేరు చెప్పను, చెడ్డవాడు కాదు. తెరమీద మ్యాపు చూపించి దేశానికి కరెంటు ఎంత అవసరమో ముప్పావుగంట వివరించాడు. తర్వాత, ఎవరైనా మాట్లాడవచ్చు అన్నాడు.

వేట మానుకుని వచ్చిన మాల్యాద్రి లేచాడు. "ఈ లైన్లో వచ్చే కరెంటు మాకు ఇస్తారా సార్? ఐసుపెట్టెలు ఆగిపోయి వారానికి రెండుసార్లు చేపలు పారబోసుకుంటా ఉండాము."

ఆ లైను మీ ఊరి మీదుగా పోతుంది గాని, మీ ఊరికి రాదని అధికారి ఓపిగ్గా చెప్పాడు. మాల్యాద్రి అర్థమైందన్నట్టు తలూపి కూర్చున్నాడు. ఇంత స్పష్టమైన సమాధానం మా ఊరికి ఏ ప్రభుత్వమైనా ఇంతకుముందు ఇచ్చిందా?

అప్పుడు ఎలిశబెతు లేచింది. చీర కొంగు నడుముకు దోపి ఉంది. కలుపులోంచి నేరుగా వచ్చినట్టుంది, పాదాలకు బురద ఆరిపోయి ఉంది.

"నేను వద్దనడం లే సార్. కరెంటు అందరికీ కావాల. మా కయ్య మొత్తం ఎకరంన్నర. మీ కర్ర నట్టనడిమిన ఉండాది. టవరు ఆడ నిలబడితే ట్రాక్టరు తిరగదు, కోత మిషను తిరగదు. కర్ర కాడినించి ఉత్తరం గట్టుకి పన్నెండు అంగలు. నేనే కొలిచినా. మీ తీగ పోయేది గూడా అటే. ఆ కాడికి జరపండి. కోత అయిందాకా ఆగండి. అంతే నేనడిగేది."

మంచి సూచన, నోట్ చేసుకున్నాం అన్నాడు అధికారి. పక్కన కూర్చున్న నాకు ఆయన పెన్ను కనిపిస్తూనే ఉంది. దానికి మూత తీయలేదు.

ఎలిశబెతు కూర్చోలేదు. తెర దగ్గరికి నడిచి వేలు పెట్టి చూపించింది. తొమ్మిది ఊళ్ల దాకా గీత కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంది. ఒక్కచోట మాత్రం, చుట్టం ఇంటి ముందు ఆగినట్టు, వంగి మళ్లీ దారిలోకి వచ్చింది. అక్కడున్నవి ఒక పెద్దమనిషి రొయ్యల గుంటలని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఈడ అంత దూరం వంగిన గీత మా కయ్య కాడ పన్నెండు అంగలు జరగకూడదా అని అడిగింది.

సర్పంచి నా వైపు చూశారు. నాకిచ్చిన కాగితంలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అని ఉంది. నేను బల్లమీది గంట కొట్టాను.

ఆమె కూర్చుంది. అధికారి మాటకు కాదు, సర్పంచి చూపుకు కాదు. అయ్యోరు గంట కొట్టారు కాబట్టి కూర్చుంది.

సభ విజయవంతమైంది. నాకు శాలువా కప్పారు.

మూడు వారాల తర్వాత ఎలిశబెతు మళ్లీ వచ్చింది. అర్జీ పెట్టి, నాలుగుసార్లు తిరిగి, సభ తీర్మానం కాపీ తెచ్చుకుంది. అక్షరాలు తను కూడబలుక్కుని చదవగలదు. కానీ చదివింది నిజమో కాదో తెలియక నా దగ్గరికి తెచ్చింది. "ఇందులో నేనేం చెప్పినానంటా చూడండి అయ్యోరా" అంది.

చదివాను. ఎంత చక్కటి భాష! మత్స్యకారుల ప్రతినిధి మాల్యాద్రి గారు విద్యుత్తు ఆవశ్యకతను సభకు వివరించారు. మహిళా రైతు ఎలిశబెతు గారు తమ పొలంలో టవరు నిర్మాణానికి సంతోషంగా ముందుకు వచ్చి, పనులు త్వరగా ప్రారంభించవలసిందిగా కోరారు. అభ్యంతరాలు ఏమీ లేవు. ఏకగ్రీవం. ఆ వాక్యాలన్నీ కాగితం పై సగంలో ఉన్నాయి. కింది సగంలో మా సంతకాలున్నాయి. మొదటిది గొలుసుకట్టు రాతలో, చివరి అక్షరం దగ్గర కాస్త సాగి ఉంది.

"అది నా మాట కాదే" అంది.

కాదన్నాను.

"హాజరు పట్టీ అని మీరు చెప్పినారనే పెట్టినా అయ్యోరా."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. సుభాషిణి లోపలినుంచి మంచినీళ్లు తెచ్చి ఆమెకు ఇచ్చింది, నావైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట నన్ను ఏం కూర అని ఎవరూ అడగలేదు.

అక్కడినుంచి నేనూ కాగితాల దారి పట్టాను. అధ్యక్షుణ్ణి నేనే, తీర్మానంలో రాసింది సభలో జరిగింది కాదు అని మండల ఆఫీసుకు ఉత్తరం రాశాను. మేష్టారి ఉత్తరం కాబట్టి జవాబు ఠంచనుగా వచ్చింది. అభిప్రాయ సేకరణ గడువు ముగిసినందున తమ అభిప్రాయాన్ని పరిశీలించే అవకాశం లేదన్నారు. కంపెనీ ఆఫీసుకు వెళితే సర్పంచిని కలవమన్నారు. సర్పంచి గారు నా చేయి పట్టుకుని, పాలకపక్షం గాని ప్రతిపక్షం గాని ఎవరూ ఒక్క మాట అనని తీర్మానం జిల్లాలో మనదొక్కటేనని, దాన్ని చెడగొట్టవద్దని బతిమాలారు. అంతటి ఐకమత్యం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

మార్చి మొదట్లో ఒక పొద్దున మాల్యాద్రి సైకిలు మీద వచ్చి, ఎలిశబెతు కయ్యకాడికి తవ్వే మిషను వచ్చిందని చెప్పాడు. వెళ్లాను. వరి పసుపు తిరిగి ఉంది, కంకులు వంగి ఉన్నాయి. పుంత దారి మీద మిషను, దాని ముందు గట్టుమీద ఎలిశబెతు. చేతిలో ఏమీ లేదు. ఊరికే నిలబడి ఉంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఏం చేయాలో నాకు తెలియదు. అరవై ఆరేళ్లవాడు ఒక మిషనును ఏం ఆపుతాడు?

సైటు ఇంజనీరు ప్రసాద్ అనే అతను, నెల్లూరువాడే. ముప్పై అయిదేళ్లుంటాయి, ఎండకు ముఖం కమిలిపోయి ఉంది. అతనికి మా గొడవేమీ తెలియదు. ఫైలు తెరిచి తీర్మానం చూపించి, "ఇందులో మీరే తొందరగా రమ్మన్నారు గదమ్మా?" అన్నాడు.

అధ్యక్షుణ్ణి నేనే, అది అబద్ధం, ఆమె అడిగింది వేరు అని చెప్పాను. అంత పొట్టి వాక్యం నేను ఎన్నడూ మాట్లాడి ఉండను.

అతను ఫైలు మూసి మిషను మీద పెట్టాడు. "ఏం అడిగినారమ్మా మీరు?" అన్నాడు.

ఆమె చెప్పింది. జనవరిలో చెప్పిన మాటలే చెప్పింది, గీత వంకర సంగతి తప్ప. అతను మధ్యలో మాట్లాడలేదు. చెప్పడం అయ్యాక బూట్లు విప్పి, కంకులు తొక్కకుండా పక్కకు తీసుకుంటూ, కర్ర దగ్గరికి దిగాడు. అక్కడినుంచి ఉత్తరం గట్టుకు నడిచాడు. పదకొండున్నర అంగలు వచ్చింది. అతను ఆమెకంటే పొడుగు.

గట్టుమీద కూర్చుని చాలాసేపు పాదాల బురద గీక్కున్నాడు. "ఈ మాట నాకు జనవరిలో చెప్పుంటే ఒక్క పూట పనమ్మా. మేము రోజూ జరుపుతానే ఉంటాము. ఇప్పుడు ఇటుపక్క టవరుకీ అటుపక్క టవరుకీ పునాదులు వేసేసినాము. దీన్ని జరిపితే ఆ రెండిటికీ కుదరదు. అభ్యంతరాలు లేవు అని రాసుంటే, లేవనుకున్నాము."

ఎలిశబెతు అప్పుడు మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ రెండు నెలల్లో ఆమె కళ్లలో నీళ్లు నేను చూడటం అదే.

"కోతకి ఎన్ని దినాలమ్మా?" అని అడిగాడు ప్రసాద్.

"పద్దెనిమిది."

అతను లేచి డ్రైవరుకు చెయ్యి ఊపాడు. మిషను వెనక్కి తిరిగింది. ఆ తర్వాత పుంతమీద నిలబడి ఫోనులో ఎవరితోనో సార్ సార్ అంటూ పావుగంట తిట్లు తిన్నాడు. నాకు వినిపించినంతవరకు, ఎవరి అనుమతితో ఆపావన్నదే అవతలివాళ్ల ప్రశ్న.

పద్దెనిమిది రోజులూ ఆగాడు. పంట ఇంటికి చేరింది. పందొమ్మిదో రోజున తవ్వారు. ఇప్పుడు టవరు కయ్య నట్టనడుమ నాలుగు కాళ్లు చాపుకుని నిలబడి ఉంది. కోత మిషను తిరగదు కాబట్టి వచ్చే పంట నుంచి చేత్తోనే కోత. మాథ్యూ కావలి పని వదిలి కోతల నెలంతా ఇక్కడే ఉంటానన్నాడు. ఎలిశబెతు ఎదురుపడితే మాట్లాడుతుంది. కానీ కాగితాలు చదివించుకోవడానికి ఇప్పుడు మా ఇంటికి రావడం లేదు, చర్చి పాస్టరమ్మ అబిగయీలు దగ్గరికి వెళుతోంది. అదీ మంచిదే.

అయినా నేను ప్రజాభిప్రాయ సేకరణను ఒక్క మాట అనను. మా ఊళ్లో అది నిజంగానే జరిగింది, నా కళ్లారా చూశాను. షామియానా లేదు, శాలువా లేదు. ఒక మనిషి ఒక మనిషిని మీకేం కావాలని అడిగి, చెప్పడం అయిందాకా నోరు మూసుకుని, చెప్పింది నిజమో కాదో బురదలో దిగి కొలుచుకున్నాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది.

నిబంధనల ప్రకారం అది చెల్లదు.