తాండ్ర బొబ్బట్టు

ఈ ఉగాదికి రాష్ట్ర ప్రజలందరి నోరూ ఒకేసారి తీపి చేస్తామని మంత్రి దుర్గాప్రసాద్ గారు నూజివీడు సభలో ప్రకటించారు. బొబ్బట్టునూ మామిడి తాండ్రనూ కలిపి ఒకే మిఠాయి! ఇంతటి ఆలోచన ఇన్నేళ్లలో ఇంకెవరికీ రాలేదు. ఆ రోజు మైకు సెట్టు నాదే కాబట్టి ఈ చారిత్రక ఘట్టానికి నేనూ సాక్షినే.

"మరి కాయ ధర సంగతేంటండీ?" అని ఓ రైతు లేచాడు.

"దానికి సమాధానమే ఈ మిఠాయి," అన్నారు మంత్రిగారు. రైతు కూర్చున్నాడు.

వెంటనే కమిటీ వేశారు. తాండ్ర లోపలుండాలా, బయటుండాలా అన్న దాని మీద ఆరు మీటింగులు జరిగాయి. ఏడో మీటింగుకి స్పెషలాఫీసర్ రామచంద్రమూర్తి గారు ముసునూరు వెళ్లి భవానిని తీసుకొచ్చారు. ఆవిడ తోటల్లో కాయ కోతకు వెళ్తుంది, పెళ్లిళ్లకు బొబ్బట్లు చేస్తుంది. మిఠాయి కుదిరితే బస్టాండులో స్టాలు ఇప్పిస్తామన్నారు. భవాని కూలి మానుకుని వారం రోజులు పెనం దగ్గరే కూర్చుంది.

"లోపల పెడితే తాండ్ర కరిగి కారిపోతందండీ," అంది.

"కారిపోతుందని రిపోర్టులో రాయలేం కదమ్మా. 'ద్రవ స్వభావం కలదు' అని రాద్దాం," అన్నారు ఆఫీసరు గారు.

భవాని ఒప్పుకోలేదు. బొబ్బట్టు కాల్చి, ఆరబెట్టి, పల్చటి తాండ్రలో చాపలా చుట్టింది. ఆవిష్కరణకి మైకు మాట్లాడుకోవడానికి వెళ్లినప్పుడు నేనొకటి తిన్నాను. రెండోది అడగడానికి సిగ్గుపడలేదు.

ఆవిష్కరణ రోజున, ఫొటోలో నిగనిగలాడాలని, ఆఫీసరు గారు థర్మాకోల్‌తో నమూనా చేయించి, రంగు వేయించి వెండి పళ్లెంలో పెట్టించారు. అసలువి స్టేజి వెనక, భవాని స్టీలు డబ్బాలో ఉన్నాయి.

"సార్, అది చూపించడానికే..." అని ఆఫీసరు గారు అనేలోపు మంత్రిగారు కొరికేశారు.

నమిలారు. చాలాసేపు నమిలారు. మైకులో కరకర వినిపించింది. కళ్లు మూసుకుని, "ఆహా! అచ్చం మా అమ్మ చేతి వంట!" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. వెనకబడిపోతానేమోనని ఆఫీసరు గారు కూడా ఓ ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు.

మంత్రిగారు కారెక్కుతుంటే భవాని అడ్డంగా వెళ్లి డబ్బా మూత తీసింది.

"నేను చేసింది కూడా ఒక్కటి తినండి బాబూ. ఆ స్టాలు మాట..."

ఆయన పెద్ద మనసుతో ఓ ముక్క తిని, మొహం చిట్లించారు.

"ఇది డూప్లికేటు. ఒరిజినల్ ఇందాకే తిన్నాన్నేను. ఏమయ్యా మూర్తీ, ఇలాంటివాళ్ల మీద కేసు పెట్టరా?"

రామచంద్రమూర్తి గారు ఇంకా నములుతూనే ఉన్నారు. అందుకని తల మాత్రం ఊపారు.