కనపడట్లేదత్తయ్యా!

ఆ ఉదయం కెప్టెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, హెలికాప్టర్ ఎక్కాలి, పరీక్ష పాసవ్వాలి. సైన్యంలో హెలికాప్టర్ నడిపే మనిషికి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు అనుకుంటాం. కానీ ఇది బయటికి చూస్తూ నడిపే పరీక్ష కాదు. మబ్బులో కళ్ళకు ఏమీ ఆననప్పుడు ఎదురుగా ఉన్న మీటర్లను మాత్రమే నమ్మి నడపాలి. కిందటిసారి ఆమె తప్పింది అక్కడే. మీటరు 'తిన్నగా ఉన్నావు' అంటుంటే, ఒంటి తూకం చూసే లోపలి చెవి మాత్రం 'కుడికి ఒరిగావు, పడిపోతున్నావు' అని ఒకటే పోరు. చెవి మాట విని ఎడమకు తిప్పింది. పక్కన కూర్చున్న పరీక్షాధికారి, అందరూ ఎర్రసిరా మేజరని పిలిచే పెద్దమనిషి, 'చెవిని నమ్మింది' అని ఎర్రగా రాసి పంపించాడు. ఈసారి కూడా తప్పితే హెలికాప్టర్ దిగి గోదాము ఆఫీసులో కుర్చీ ఎక్కాల్సిందే.

అందుకే చెప్పుల పెట్టె అట్ట కత్తిరించి నుదుటికి కట్టుకుంది. బయటిదేదీ కంటపడకుండా పరీక్షలో పెట్టే ముసుగుకి అది ఇంటి నకలు. భోజనాల బల్ల మీద మీటర్ల బొమ్మ పరుచుకుని, గరిటెను లివరులా పట్టుకుని, ఊహలోనే మబ్బుల్లోకి ఎగిరింది. అంతలో అత్తగారు కూరల సంచితో వచ్చింది.

"అమ్మాయ్, ఈ సంచి అందుకో."

"కనపడట్లేదత్తయ్యా."

"ఎదురుగానే ఉన్నాను కదే!"

"ఎదురుగా ఉన్నదేదీ కనపడదు. మీరేం కంగారుపడకండి, అలవాటు చేసుకుంటున్నాను."

కెప్టెన్ నోరు ఇంట్లోనే ఉంది గానీ మనసు మబ్బుల్లో ఉంది. అత్తగారి చేతిలోంచి సంచి జారి టమాటాలు నాలుగు దిక్కులా దొర్లాయి. కోడలికి చూపు పోయిందనీ, అందుకే వెలుతురు పడకుండా కళ్ళకి అట్ట అడ్డం పెట్టుకుందనీ ఆవిడకు అర్థమైపోయింది. గుండె బాదుకుంటూ లోపలికి పరుగెత్తి కొడుక్కి ఫోన్ చేసింది. ఈలోగా కెప్టెన్ అట్ట విప్పేసి, టమాటాలెందుకు దొర్లాయో అడిగే తీరిక కూడా లేక, "వెళ్ళొస్తానత్తయ్యా!" అని కేకేసి మెట్లు దిగింది. అత్తగారు బాల్కనీలోకి వచ్చేసరికి స్కూటరు వీధి మలుపు తిరుగుతోంది.

"ఒరేయ్! కళ్ళు కనపడని పిల్ల స్కూటరేసుకుని పోయిందిరా!"

ఫోనులో అరిచిన ఆ అరుపు నాలుగు వాటాల వాళ్ళకీ ఫోను లేకుండానే వినిపించింది. బ్యాంకులో ఉన్న కొడుకు వెంటనే సైనిక స్థావరం డాక్టరుకి ఫోన్ చేసి, చూపు కొంచెం తగ్గిందట అన్నాడు. డాక్టరు కమాండరుతో ఒక కన్ను పోయినట్టుందన్నాడు. కబురు స్థావరం గేటు దాకా వచ్చేసరికి రెండో కన్ను కూడా పోయింది.

"మెల్లగా మేడమ్, ఇక్కడ మెట్టుంది," అని కాపలా జవాను కెప్టెన్ చెయ్యి పట్టుకున్నాడు.

"నాకేమైందయ్యా?"

"ధైర్యంగా ఉండండి మేడమ్," అంటూ అతను తన కళ్ళు తుడుచుకున్నాడు.

తోటి పైలట్ ఒకడు ఎదురొచ్చి, కళ్ళతో పాటు చెవులు కూడా పోయాయన్నట్టు, మొహంలో మొహం పెట్టి "నేను! నేనే!" అని అరిచాడు.

"నువ్వేనని కనపడుతూనే ఉందిగా!"

"పాపం, గొంతును బట్టి పట్టేసింది," అని అతను పక్కవాడి దగ్గర వాపోయాడు.

డాక్టరు ఆమెను కుర్చీలో కూలేశాడు. గోడమీది అక్షరాలన్నీ గడగడా చదివింది. చివరి వరుస కింద ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివింది.

"కంఠతా పట్టుంటారు," అని డాక్టరు పటాన్ని తలకిందులుగా తగిలించాడు. అదీ చదివింది.

అయినా ఆయనకు తృప్తి లేదు. రంగులన్నాడు, టార్చి అన్నాడు. చివరికి "మీ కళ్ళు నా కళ్ళకంటే బాగున్నాయండీ," అని సంతకం పెట్టేసరికి, పొద్దున నిర్మలంగా ఉన్న ఆకాశాన్ని మబ్బు కప్పేసింది. మిగతా హెలికాప్టర్లన్నీ షెడ్డులోకి తోసేశారు.

"ముసుగు అక్కర్లేదు కెప్టెన్, పైన అసలు మబ్బే ఉంది," అన్నాడు ఎర్రసిరా మేజరు. "మానేస్తారా?"

ఆమె తలెత్తి మబ్బు వంక చూసింది. కానీ గోదాము కుర్చీ కళ్ళముందు మెదిలింది. "మానను సార్. పొరుగు స్థావరానికి వెళ్తాం. అక్కడ దిగే వీలు లేకపోతే తిరిగి ఇక్కడికే. పోను, రాను, ఆపైన అరగంటకు సరిపడా ఇంధనం పోయించాను. ఇక్కడి మబ్బు ఇంతకంటే కిందికి దిగదని వాతావరణం వాళ్ళు రాసిచ్చారు."

ఎగిరాక అద్దాల బయట సున్నం కొట్టిన గోడ తప్ప మరేమీ లేదు. పొరుగు స్థావరం మీద అనుమతి ఉన్నంత కిందికి దిగింది. ఒక్క దీపమైనా కనపడలేదు. మారుమాట లేకుండా పైకి లేపి వెనక్కి తిప్పింది. అదుగో, సరిగ్గా అప్పుడే చెవి పాత పోరు మొదలుపెట్టింది. కుడికి ఒరిగావు, పడిపోతున్నావు అని.

"కెప్టెన్! కుడికి ఒరుగుతున్నాం! ఎడమకు తిప్పండి!" అని మేజరు కూడా అరిచాడు.

ఇది పరీక్షలో ప్రశ్న కాదు. సీటు అంచు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. ఆమె మీటరు చూసింది. తిన్నగా ఉంది. రెండో మీటరు చూసింది. అదీ తిన్నగానే ఉంది. పొద్దుటినుంచీ ఊరంతా ఒక్కటై నీకు కళ్ళు లేవని ఒట్టేసి చెప్పారు. అంతమంది చెబితేనే నమ్మనిదాన్ని, ఒక్క చెవి చెబితే నమ్ముతానా అనుకుంది.

"లేదు సార్, తిన్నగానే ఉన్నాం. మీ చెవి అబద్ధమాడుతోంది. మీటరు చూడండి."

మేజరు చూశాడు. "అవును," అన్నాడు పిల్లిలా.

సొంత స్థావరం మీద మబ్బు ఒక్కసారిగా విడిపోయింది. రెండు వరుసల దీపాలు సరిగ్గా ముక్కుకి ఎదురుగా వెలుగుతున్నాయి. కెప్టెన్ సైనిక మర్యాద పక్కన పెట్టి "ఓహో!" అని కేక పెట్టింది. ఇంత ఆనందం ఆమె పెళ్ళిలో కూడా పడలేదు, మొగుడు ఏమనుకున్నా సరే.

ఆ మొగుడూ, టాక్సీలో ఊడిపడ్డ అత్తగారూ, డాక్టరూ, జవానూ కంచె దగ్గర చప్పట్లు కొడుతున్నారు. మేజరు కిందికి దిగి జేబులోంచి నీలం పెన్ను తీశాడు. ఆయన దగ్గర నీలం పెన్ను ఉందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"పాస్," అని రాస్తూ పైకి చదివాడు. "ప్రయాణమంతా పైలట్‌కి ఏమీ కనపడలేదు."

"విన్నావురా?" అంది అత్తగారు కొడుకు డొక్కలో పొడిచి. "నేను పొద్దున్నే చెప్పానా లేదా?"

ఆ కాగితం నకలు కోడలి కంటే ముందు ఆవిడే అడిగి పుచ్చుకుంది.